గొలుసు వేసిన పార్కింగ్: కర్నూలులో ఒక అపార్ట్‌మెంటు కేస్ స్టడీ

రాత్రి రెండు గంటలప్పుడు మూడో అంతస్తులో ఒక పెద్దాయనకు ఛాతీలో నొప్పి మొదలైంది. 108 వాహనం త్వరగానే కాలనీకి చేరింది. చేరి, వీధి మలుపు దగ్గర ఆగిపోయింది. రెండు వైపులా కార్లు నిలిపి ఉన్నాయి. ఇంటివాళ్లు ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు నాలుగు కాళ్లు పట్టుకుని మలుపు దాకా మోసుకెళ్లారు. ఆయన బతికారు. మర్నాడు వీధి వాళ్లు లెక్క చూసుకుంటే, అడ్డంగా ఉన్న కార్లలో నాలుగు ఆ పెద్దాయన ఉండే అపార్ట్‌మెంటువే. ఆ భవనం కింద అంతస్తు మొత్తం పార్కింగ్ కోసమే కట్టారు.

వారం తర్వాత ఆ అసోసియేషన్ వాళ్లు నన్ను పిలిచారు. నేను కర్నూలులో ఇరవై ఏళ్లకు పైగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్న సివిల్ ఇంజనీరును. ఈ భవనం నేను గీసింది కాదు. కానీ ఇలాంటివి చాలా గీశాను, సంతకాలు పెట్టాను. అందుకే ఈ కేసు నన్ను వదల్లేదు. కాలనీ పేరు, మనుషుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు, లెక్కలు నా నోటుపుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

స్థలం ఆరువందల గజాలు, అంటే సుమారు 500 చదరపు మీటర్లు. ముందు ముప్పై అడుగుల రోడ్డు. కింద స్టిల్టు, పైన ఐదు అంతస్తులు, అంతస్తుకు మూడు చొప్పున పదిహేను ఫ్లాట్లు. స్టిల్టు అంటే గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టిన అంతస్తు. మన దగ్గర చాలామంది దీన్నే సెల్లార్ అంటారు.

2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు పార్కింగ్‌ను మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో ఒక శాతంగా అడుగుతాయి. ఎన్ని కార్లు పడతాయి అన్నది కాదు, ఎంత విస్తీర్ణం వదిలారు అన్నదే లెక్క. ఈ భవనంలో అంతస్తుకు 300 చదరపు మీటర్ల చొప్పున పైన 1500, కింద స్టిల్టు 300. అంటే ఇరవై శాతం. అప్రూవల్ కోసం పెట్టిన డ్రాయింగులో స్టిల్టులో పదిహేను దీర్ఘచతురస్రాలు గీసి ఉన్నాయి. ఒక్కొక్కటి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. పదిహేను కలిపితే 187.5 చదరపు మీటర్లు. 300లో 187.5 హాయిగా ఇమిడిపోతుంది. కాగితం మీద ఇంటికొక కారు ఉంది.

నేను టేపు పట్టుకుని కొలిచిన రోజున కనిపించింది వేరు. మెట్లు, లిఫ్టు 28 చదరపు మీటర్లు తీసుకున్నాయి. వాచ్‌మన్ గది, దాని బాత్‌రూము 14. మీటర్ల బోర్డు, జనరేటరు 10. సంపు మూత, మోటారు 6. మిగిలింది 242. కారు నిలిపే చోటు ఒక్కటే లెక్కేస్తే సరిపోదు, అది తిరిగి బయటికి రావడానికి దారి కావాలి. ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 నేల అంతస్తులో కప్పు కింద ఒక కారుకు 28 చదరపు మీటర్లు లెక్కగట్టడానికి కారణం అదే. 242ను 28తో భాగిస్తే ఎనిమిదిన్నర పైచిలుకు. పిల్లర్లేమో పైనున్న పడకగదులకు, వంటగదులకు అనువుగా నిలబెట్టినవి, కింద మలుపు తిరిగే కారును ఎవరూ తలచుకోలేదు. పక్క కారును కదపకుండా బయటికి తీయగలిగే చోట్లు ఎనిమిదే తేలాయి.

భవనంలో ఎనిమిది కుటుంబాలకు కార్లున్నాయి. ఒక కుటుంబానికి రెండు. మొత్తం తొమ్మిది. ఏడు కుటుంబాలకు కారు లేదు. స్కూటర్లు, మోటారు సైకిళ్లు ఇరవై మూడు. మన ఊళ్లో ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడి చూసినా లోపలికి వచ్చేవాటిలో ఎక్కువ ద్విచక్ర వాహనాలే. అప్రూవల్ డ్రాయింగులో వాటికి ఒక్క గీత కూడా లేదు.

వాళ్లు చెప్పిన సమస్య, నేను నమ్మిన సమస్య

అసోసియేషన్ అధ్యక్షుడు ఫోనులో అన్న మొదటి మాట: "సార్, పార్కింగ్ చాలడం లేదు. ఇంకో నాలుగు కార్లకు చోటు చూపించండి."

నేను దాన్ని యథాతథంగా నమ్మాను. నా మొదటి తప్పు అదే. నాలుగు కార్లు బయట ఉన్నాయంటే లోపల నాలుగింటికి చోటు తక్కువ అని అనుకోవడం సహజం. ఎవరి కారు ఎక్కడ ఉంది, ఎప్పుడు ఉంది, ఎందుకు ఉంది అని అప్పుడు అడగలేదు.

చేసి చూసినవి

మొదట వచ్చిన ఆలోచనలు రెండు అక్కడికక్కడే ఆగిపోయాయి. ఒక సభ్యుడు మధ్యలో ఉన్న పిల్లరు చూపించి, దాన్ని తీసేసి ఇనుప బీము వేస్తే రెండు కార్లు పడతాయి కదా అన్నారు. ఆ మాట మీద చర్చే వద్దని చెప్పాను. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు వందల కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద అంతస్తు ఇలా గోడలు లేకుండా వదిలిందే. పైన గోడలతో బిగువుగా ఉన్న భవనం కింద పిల్లర్ల మీదే ఊగుతుంది, బలమంతా అక్కడే పడుతుంది. ఆ తర్వాత మన డిజైను ప్రమాణాలు ఇలాంటి అంతస్తుల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాయి. కారు కోసం పిల్లరు మీద చెయ్యి వేయడానికి ఏ పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు. రెండోది, కారు మీద కారు నిలిపే యంత్రం. బీము అడుగు దాకా ఎత్తు రెండున్నర మీటర్లే ఉంది. రెండు కార్లకు అది చాలదు.

తర్వాత గీతలు గీయించాను. పసుపు రంగుతో పది గడులు, నంబర్లు. ఎనిమిదికి మించిన రెండింటిని ఒకదాని వెనుక ఒకటిగా ఇరికించాను. వెనుక కారు మొదట కదిలితేనే లోపలిది బయటికి వస్తుంది, కాబట్టి తాళాలు వాచ్‌మన్ దగ్గర పెట్టాలన్నాను. కాగితం మీద నాకు నచ్చింది. మూడు వారాల్లో చెదిరిపోయింది. ఆ జంట గడుల్లో ఒక గడి వైద్యుడిది. ఆయనకు ఏ వేళకైనా పిలుపు వస్తుంది. వెనుక కారు ఇంటివాళ్లు తమ కారు తాళం ఇంకొకరి చేతికి ఇవ్వబోమన్నారు. వాచ్‌మన్‌కు కారు నడపడం రాదు. పైగా సాయంత్రం స్కూటర్లు ముందు చేరతాయి. కారు వచ్చేసరికి గడిలో మూడు స్కూటర్లు ఉంటాయి. గీత గీస్తే చోటు పుట్టదని అప్పుడు అర్థమైంది.

లెక్క పెట్టాక కనిపించింది

అప్పటికి గాని నాకు కూర్చుని లెక్కించాలనే బుద్ధి పుట్టలేదు. రెండు వారాల పాటు పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఏడుకు, రాత్రి పదకొండుకు ఎక్కడ ఏ వాహనం ఉందో వాచ్‌మన్ కొడుకు ఒక నోటుపుస్తకంలో రాశాడు. పదో తరగతి చదువుతున్న పిల్లవాడు, చాలా శ్రద్ధగా రాశాడు. అతనికి నేను ఇచ్చిన నెల జీతం, ఈ పనికి పెట్టిన ఖర్చులన్నిటిలో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది.

రాత్రి పదకొండుకు, అందరూ ఇంటికి చేరిన తర్వాత, స్టిల్టులో నడిచే కార్లు ఐదు ఉన్నాయి. వీధిలో నాలుగు. ఎనిమిది చోట్లలో మిగతా మూడు ఏమయ్యాయి? ఒకదానిలో కవరు కప్పిన కారు. దాని యజమాని వేరే ఊళ్లో ఉంటారు, ఫ్లాటు అద్దెకిచ్చారు, కారు రెండేళ్లుగా కదల్లేదు. రెండోదానిలో పాత మంచాలు, బీరువా, కూలర్లు. మూడోది ఖాళీ. రెండు పిల్లర్ల మధ్య ఇనుప గొలుసు, గొలుసుకు తాళం.

చోటు కొరత నాలుగు కార్లకు కాదు, ఒక్క కారుకే. మిగతా మూడు కార్లు వీధిలో ఉండడానికి కారణం స్టిల్టులో చోటు లేకపోవడం కాదు, ఉన్న చోటు పనికి రాకుండా పోవడం. ఇంకొకటి, మధ్యాహ్నపు లెక్కలో స్టిల్టులో చోటున్నా ఒక కారు ఎప్పుడూ వీధిలోని వేపచెట్టు కిందే ఉండేది. అడిగితే, లోపలికి పోయి పిల్లర్ల మధ్య తిప్పుకోవడం కంటే చెట్టు నీడ హాయి, పైగా డబ్బు పెట్టాల్సిన పని లేదు కదా అన్నారు. మేలో మన ఎండ తెలిసినవాళ్లకు ఆ వేపచెట్టు విలువ చెప్పక్కర్లేదు.

మీటింగులో నేను చేసిన పొరపాటు

గొలుసు వేసినావిడ రిటైరైన ఉపాధ్యాయిని. ఒంటరిగా ఉంటారు, కారు లేదు. అందరూ టీచరమ్మ అనే పిలుస్తారు. ఫ్లాటు కొన్నప్పుడు పార్కింగ్ కోసం బిల్డరుకు విడిగా లక్షన్నర ఇచ్చారు. రసీదు లేదు, తెల్లకాగితం మీద రాసిన ఒక వరుస మాత్రం ఉంది. పదిహేను మందిలో ఆరుగురు అలా ఇచ్చారు. వాళ్లలో నలుగురికి కార్లున్నాయి. లేని ఇద్దరు టీచరమ్మ, మంచాలు పెట్టినాయన.

నా దగ్గర చట్టం ఉంది అనుకున్నాను. 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు స్టిల్టు పార్కింగ్‌ను బిల్డరు విడిగా అమ్ముకోవడం కుదరదని, అది ఫ్లాటు యజమానులందరిదని తీర్పు చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పు. అయినా దాని వెనుక తర్కం మనకూ పనికొస్తుందని మీటింగులో చదివి వినిపించాను. గొలుసు తీయాల్సిందేనని కారున్నవాళ్లు లేచారు.

టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నా వైపు తిరిగి అన్నారు: "నాయనా, నా లక్షన్నర తీసుకున్నవాడిని ఎవరూ అడగలేదు. ఇల్లు కట్టినప్పుడు కింద అంతస్తుకైన ఖర్చు నా ఫ్లాటు ధరలో పడినప్పుడూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు నాకు కారు లేదని నా చోటు కావాలంటున్నారు. కారు లేకపోవడం నేను చేసిన తప్పా?"

మీటింగు అక్కడితో ఆగిపోయింది. నేను ఇంటికి వచ్చి ఆ రాత్రి లెక్క వేశాను. స్టిల్టు 300 చదరపు మీటర్లు, పదిహేను ఫ్లాట్లు. ఒక్కొక్కరి వాటా ఇరవై చదరపు మీటర్లు. అంటే రెండు పడకగదులంత. స్లాబు, పిల్లర్లు, పునాది, నేల ధర అన్నీ కలిపి ఆ ఇరవై మీటర్ల ఖర్చు ప్రతి ఇంటి ధరలోనూ కలిసిపోయింది. కారు లేని ఏడు కుటుంబాలు కలిసి 140 చదరపు మీటర్లకు డబ్బు కట్టాయి. వాళ్లకు ఆ ఎంపికే లేదు, ఎందుకంటే పార్కింగ్ కట్టకపోతే ప్లాన్ అప్రూవ్ కాదు. ఇరవై ఏళ్లు సంతకాలు పెట్టిన నేను ఆ లెక్క ఒక్కసారి కూడా ఇలా వేసి చూడలేదు.

పని చేసింది

తర్వాతి ప్రతిపాదన ఆ లెక్క నుంచే పుట్టింది. చోటు అందరిదీ అయితే, వాడుకునేవాళ్లు వాడుకోనివాళ్లకు అద్దె కట్టాలి. మొదట నెలకు వెయ్యి అన్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. వీధిలో ఊరికే నిలుపుకోవచ్చు కదా, లోపల వెయ్యి ఎందుకు? వాళ్ల తర్కంలో తప్పేమీ లేదు.

కాబట్టి ముందు వీధి సంగతి తేలాలి. కాలనీ పెద్దలు, ఎదురింటివాళ్లు, కుర్చీలో మోయబడిన పెద్దాయన కుటుంబం కలిసి కూర్చున్నారు. నేను రోడ్డు కొలతలు ముగ్గుతో నేల మీద గీసి చూపించాను. తొమ్మిది మీటర్ల రోడ్డులో రెండు వైపులా కాలువలు, ఇళ్ల ర్యాంపులు రెండు మీటర్లు తినేస్తున్నాయి. కార్లు రెండు వైపులా నిలిస్తే మధ్యలో మిగిలేది మూడు మీటర్లు. అంబులెన్సు నేరుగా పోగలదేమో గాని, మలుపు తిరగలేదు. మలుపుకు ఇటూ అటూ నలభై మీటర్ల దాకా ఎవరూ కారు నిలపకూడదని, మిగతా వీధిలో ఒక వైపే నిలపాలని అందరూ ఒప్పుకున్నారు. పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉంటే కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. వేపచెట్టు ఆ నలభై మీటర్ల లోపలే ఉంది.

అప్పుడు అద్దె మాట మళ్లీ ఎత్తాను. ధర నా ఊహతో కాకుండా బయటి ధరతో కట్టాను. నూట ఇరవై మీటర్ల దూరంలో ఒకాయన ఖాళీ స్థలంలో కంప చెట్లు కొట్టించి నెలకు అయిదువందలకు కార్లు పెట్టనిస్తున్నారు. ఇంటి కింద, నీడలో అయితే ఇంకో వంద ఎక్కువ ఇవ్వవచ్చు. అలా ఆరువందలు. ఫ్లాటుకు ఒక్క చోటే. రెండో కారు ఖాళీ స్థలానికి వెళ్లాలి.

బిల్డరుకు డబ్బిచ్చిన ఆరుగురి విషయం చాలాసేపు ఆలోచించాను. చట్టం ప్రకారం వాళ్లకు ప్రత్యేక హక్కు లేదనే నా అభిప్రాయం. కానీ మోసపోయినవాళ్ల మీదే రెండోసారి భారం వేస్తే ఏ ఒప్పందమూ నిలవదు. కారున్న నలుగురు ఐదేళ్ల పాటు సగం, అంటే మూడువందలు కడతారు. కారు లేని ఇద్దరికి వాళ్ల గడుల అద్దె ఐదేళ్ల పాటు నేరుగా అందుతుంది. తర్వాత అందరికీ ఒకటే పద్ధతి. దీని వల్ల అసోసియేషన్‌కు నెలకు మిగిలేది 2400. పదిహేను ఇళ్లకు పంచితే మెయింటెనెన్సులో నూట అరవై తగ్గుతుంది. పెద్ద మొత్తం కాదు. కానీ కారు లేని ఇళ్లకు, కింది అంతస్తు తమది కూడా అని మొదటిసారి కాగితం మీద కనిపించింది.

టీచరమ్మ ఒప్పందం రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున గొలుసు లేదు. మంచాలు వారంలో వెళ్లిపోయాయి. కవరు కప్పిన కారు యజమానికి నెలకు ఆరువందల బిల్లు వెళ్లగానే నెలలోపే అమ్మేశారు. రెండు కార్ల కుటుంబం నాలుగు నెలలు ఖాళీ స్థలానికి అద్దె కట్టి రెండోది తీసేసింది. వాళ్ల అబ్బాయి అప్పుడే ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు కాబట్టి అది అద్దె ప్రభావమేనని నేను చెప్పను. స్కూటర్లకు మెట్ల పక్కన, పిల్లర్ల మధ్య కారు పట్టని మూలల్లో తెల్ల గీతలతో ఇరవై నాలుగు చోట్లు తీశాం. వాటికి అద్దె లేదు.

నేను నేర్చుకున్నవి

నగరాలు ఇళ్లకు పార్కింగ్‌ను తప్పనిసరి చేయాలా అని నన్ను అడిగితే, ఈ కేసుకు ముందు ఆలోచించకుండా అవునని, ఇంకా పెంచాలని చెప్పేవాడిని. ఇప్పుడు చిన్న, మధ్యతరహా స్థలాల్లో తప్పనిసరి చేయకూడదంటాను. కానీ ఒక షరతు ఉంది. ముందు వీధిని చక్కదిద్దాలి. వీధి ఊరికే దొరుకుతున్నంత కాలం లోపల ఎంత కట్టినా కార్లు బయటికే వస్తాయి. అదే వీధిని అలాగే వదిలి నిబంధన మాత్రం ఎత్తేస్తే, అంబులెన్సు మలుపు దాకా కూడా రాలేదు.

లండన్ 2004లో, మెక్సికో నగరం, అమెరికాలోని బఫెలో 2017లో కనీస పార్కింగ్ నిబంధనను వదిలేశాయి. లండన్‌కూ మెక్సికో నగరానికీ మెట్రో ఉంది, మనకు షేర్ ఆటోలున్నాయి. అందుకే నాకు వాటికంటే జపాన్ పద్ధతి దగ్గరగా అనిపిస్తుంది. అక్కడ 1962 నాటి చట్టం బాధ్యతను కారు కొనేవాళ్ల మీద పెట్టింది. కారు నిలిపే చోటు ఇంటికి రెండు కిలోమీటర్ల లోపల ఉందని చూపించాలి, వీధిని గ్యారేజీలా వాడుకోకూడదు. మన దేశంలోనే సిక్కింలో కారు రిజిస్టరు చేయాలంటే పార్కింగ్ చోటు చూపించాలి. అలా చేస్తే భారం కారుతో పాటు నడుస్తుంది. కారు లేని టీచరమ్మ ఫ్లాటు ధరలో కూర్చోదు.

స్టిల్టే వద్దని నేను అనడం లేదు. మీటింగులో ఒక పెద్దావిడ గట్టిగా చెప్పిన మాట ఇది: "2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగినప్పుడు మా పాత ఇంట్లో నీళ్లు కప్పు దాకా వచ్చాయి. కింద ఇల్లు లేకపోవడమే మేలు." ఆవిడ మాట నిజం. నది పొంగే చోట కింద అంతస్తు ఖాళీగా వదలమని అడగడానికి వరదే కారణంగా చాలు. వరద కోసమైతే వరద కోసమేనని రాయాలి. పార్కింగ్ పేరుతో అడిగితే, వరద రాని మిట్ట ప్రాంతాల్లో కూడా అదే ఖర్చు అందరి మీదా పడుతుంది.

ఇప్పుడు నేను గీసే ప్రతి ప్లానులో దీర్ఘచతురస్రాలు గీసి ఊరుకోను. కారు గేటు నుంచి గడి దాకా తిరిగే దారి పిల్లర్లతో సహా గీస్తాను. అలా గీస్తే పదిహేను ఎనిమిది అవుతుంది. బిల్డర్లకు అది నచ్చదు. కొందరు వేరే ఇంజనీరు దగ్గరికి వెళ్లారు.

పద్దెనిమిది నెలలు గడిచాయి. ఒప్పందం నడుస్తోంది. మొన్న ఆ ఖాళీ స్థలం యజమాని నా దగ్గరికి వచ్చారు. అక్కడ అపార్ట్‌మెంటు కడతారట. కింద ఒక మూల వాళ్ల అమ్మకు చిన్న ఇల్లు కావాలన్నారు. ఆవిడ మోకాళ్లు మెట్లెక్కనివ్వవు, కరెంటు పోతే లిఫ్టు నడవదు. మొత్తం విస్తీర్ణం వేసి, అందులో నిబంధన అడిగే పార్కింగ్ తీసేసి చూశాను. మెట్లు, లిఫ్టు పోగా ఆవిడ ఇంటికి చోటు మిగల్లేదు. మళ్లీ లెక్కేయమన్నారు. మళ్లీ వేశాను. వాళ్లింట్లో ఎవరికీ కారు లేదు.